పెంచల్ వీపుకు పోసిన సీటు

నేను ఒక సీటును. బస్సులో ఎవరెక్కితే వాళ్లను మోసే సీటును కాను. ఒక రేసు కారులో, ఒకే ఒక మనిషి వీపు కోసం పోసిన సీటును. ఆ మనిషి పేరు పెంచల్. అతన్ని పోగొట్టుకున్న రోజు దగ్గరే ఈ కథ మొదలుపెట్టాలి. నా భయం మొదలైంది కూడా ఆ రోజే.

నెల్లూరు బయట హైవే పక్కన మా షెడ్డు. ఆ మధ్యాహ్నం పెంచల్ అలమరలోంచి తన హెల్మెట్ తీసుకున్నాడు. గ్లవ్స్ తీసుకున్నాడు. బూట్లు ఒక సంచిలో వేసుకున్నాడు. తర్వాత కారు దగ్గరకు వచ్చి, లోపలికి వంగి, నా అంచు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. హెల్మెట్ అతనిది. గ్లవ్స్ అతనివి. నేను అతని ఒంటి అచ్చునే అయినా అతని సొత్తును కాను, టీము యజమాని శ్రీహరి గారి సొత్తును. అయినా నన్ను ఇంటికి మోసుకుపోయి ఏం చేసుకుంటాడు? నా మీద కూర్చుని అన్నం తినలేడు కదా.

"ఈ సీజన్ నేను తోలను సుభానీ అన్నా," అన్నాడు.

సుభానీ మా మెకానిక్. చేతిలో స్పానర్ తుడుస్తూ, తల ఎత్తకుండానే, "ఒక్క సీజనే గదా. మళ్లా వస్తావులే," అన్నాడు.

"జీతమిస్తే వస్తా."

"ఇయ్యకపోతే?"

పెంచల్ సంచి భుజాన వేసుకున్నాడు. షట్టరు కింద నుంచి వంగి ఎండలోకి వెళ్లిపోయాడు. కారు ఉంది, ఇంజను ఉంది, నేను ఉన్నాను. నాలో ఉండాల్సిన బరువు లేదు. ఖాళీగా ఉన్న సీటు ఎవరినైనా కూర్చోమంటున్నట్టే ఉంటుంది. నాకు ఆ సంగతి తెలుసు. అందుకే భయపడ్డాను.

నేను పుట్టింది ఆ షెడ్డులోనే. రేసు కారు సీటును కొలతలు తీసి కొయ్యరు, మనిషి చుట్టూ పోస్తారు. కారులో పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, దాని మీద మనిషిని రేసు దుస్తుల్లో కూర్చోబెట్టి, స్టీరింగు పట్టుకోమంటారు. రెండు డబ్బాల్లోని ద్రవాలను కలిపి ఆ సంచిలో పోస్తారు. కలిసిన వెంటనే అవి వేడెక్కి నురగలా పొంగుతాయి. మనిషికీ కారుకూ మధ్య ఉన్న సందులన్నీ నిండుతాయి. ఆ నురగ గట్టిపడేదాకా మనిషి కదలకూడదు. తుమ్మకూడదు, నవ్వకూడదు.

ఆ రోజు పెంచల్ మరీ బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"ఊపిరి పీల్చు నాయనా," అన్నాడు సుభానీ. "సీటు పోస్తుండా. సమాధి కాదు కట్టేది."

పెంచల్ నవ్వు ఆపుకున్నాడు. దాంతో ఊపిరి ఇంకా బిగబట్టాడు. నేను ఆ క్షణంలోనే గట్టిపడ్డాను. కాబట్టి నాలో ఉన్నది ఊపిరి బిగబట్టిన మనిషి ఆకారం. పైన నల్ల టేపు చుట్టి నన్ను కారులో బిగించారు.

బయట అతన్ని భయమెరగని వాడు అనేవాళ్లు. ఒక పేపర్లో అలాగే రాశారు కూడా. ఆ కాగితాన్ని శ్రీహరి గారు షెడ్డు గోడకు అంటించారు. అది చదివిన వాళ్లెవరూ ఎప్పుడూ నా స్థానంలో ఉండలేదు. రేసు మొదలయ్యే ముందు, ఎర్రదీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, అతని వీపు చెమటతో నాకు అతుక్కుపోయేది. గుండె చప్పుడు నా ఎడమ అంచుకు తగిలేది. దీపాలు ఆరి రేసు మొదలవగానే ఆ భయమంతా కాళ్లలోకి, చేతుల్లోకి దిగి పనిలో పడేది. దాన్నే మనుషులు ధైర్యం అంటారు. నేను ఆ మాటను కాదనను. దాని తడి మాత్రం నాకు తెలుసు.

జీతం మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఈ ఆటలో చాలామంది కుర్రాళ్లు తండ్రుల డబ్బు ఎదురిచ్చి కారు తోలుతారు. పెంచల్‌కు అలాంటి తండ్రి లేడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర అన్నతో కలిసి టైర్ల షాపు నడుపుతాడు. అతని చేతి ఒడుపు చూసి శ్రీహరి గారు ఊరికే కారు ఇచ్చారు. అది మేలే. పెంచల్ కూడా మేలనే అనుకున్నాడు. తర్వాత అతను గెలవడం మొదలుపెట్టాడు. కారు రెండు పక్కలా ఒక సిమెంటు కంపెనీ డబ్బిచ్చి తన బొమ్మ వేయించుకుంది. శ్రీహరి గారి షెడ్డుకు కొత్త రేకులు వచ్చాయి. పెంచల్ మాత్రం రేసు అయిపోయిన మర్నాడు టైర్లకు గాలి కొడుతూనే ఉన్నాడు.

ఒకరోజు అడిగాడు.

"జీతమా?" శ్రీహరి గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఏమయ్యా పెంచలయ్యా, ఊళ్లో పిల్లకాయలు ఈ కారు తాకితే చాలనుకుంటుండారే. తోలేదానికి నీకు నేను ఎదురియ్యాల్నా?"

"తోలేదానికి కాదు సార్. గెలిచేదానికి."

"గెలిచేది కారు గదయ్యా."

"అయితే దాన్నే తోలుకోమనండి సార్."

సుభానీకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. శ్రీహరి గారు కూడా నవ్వారు. ఆయన కోపిష్టి కాదు. మేలు చేసినవాడినన్న ఆనందాన్ని వదులుకోవడం ఆయనకు చేతకాలేదు, అంతే.

తర్వాత వారం పెంచల్ భార్య సుజన క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. అన్నం పెడుతూనే మాట తేల్చేసింది.

"ఈ సీజన్ మానెయ్. నువ్వు లేకపోతే ఏమవుతాదో ఆయన ఒకసారి చూడాల. నేను ఒక పూట ఎక్కువ నిలబడితే దానికీ లెక్క కడతారు. నువ్వు ప్రాణం పెట్టి తోల్తే నీకు ఆ సిమెంటు స్టిక్కరు ఇస్తారా?"

"అట్టనబాకమ్మా," అన్నాడు సుభానీ. "ఈ వయసులో ఒక సీజన్ కూర్చుంటే కాళ్లు మర్చిపోతాయి. కూర్చున్నోడి చోటు ఎవురూ కాపలా కాయరు."

"మర్చిపోతే పోనీ. మనిషి మిగుల్తాడు."

పెంచల్ ఇద్దరి మధ్యా ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. ముద్ద నోటికి పోలేదు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. మర్నాడే అతను హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

అతని చోటులోకి హరిత వచ్చింది. తిరుపతి అమ్మాయి. చిన్న కార్ల పోటీల్లో గెలిచి, పెద్ద కారు కోసం ఎదురుచూస్తున్న పిల్ల. శ్రీహరి గారు రమ్మనగానే రెక్కలు కట్టుకుని వచ్చింది. ఆమె నాలో మొదటిసారి కూర్చుంది. పెంచల్ భుజాలకు పోసిన గుంటలో ఆమె ఒళ్లు ఆనలేదు. నడుము పక్కన చెయ్యి దూరేంత సందు. కాళ్లు చాపినా బ్రేకు చివరిదాకా అందలేదు.

"సీటు కొత్తది పొయ్యాల సార్," అన్నాడు సుభానీ.

"ఇప్పుడెందుకు? మొదటి రేసు కాంగానే పెంచలయ్య దిగొస్తాడు. అప్పుడు ఈ పిల్ల సీటును ఏం చేసుకుంటాం? ఈ ఒక్క రేసుకూ ఏదో ఒకటి సర్దు."

నన్ను తీసేస్తే పెంచల్ రాడని ఒప్పుకున్నట్టు అవుతుంది. నన్ను ఉంచితే, వస్తాడని ఎదురుచూస్తున్నట్టు. శ్రీహరి గారి పట్టుదలంతా నా మీద కూర్చుంది. దాని బరువు హరిత బరువు కన్నా ఎక్కువ.

సుభానీ తువ్వాళ్లు మడతలు పెట్టి, టేపు చుట్టి, నా వీపుకూ ఆమె వీపుకూ మధ్య దోపాడు. నడుము పక్కన ఇంకో రెండు దోపాడు. "ఎట్టుందమ్మా?" అని అడిగాడు.

"బాగుందన్నా," అంది హరిత.

బాగాలేదు. ఆమె ఒళ్లు చెప్పింది నాకు. సీటు కుదరలేదంటే ఈ సీటే పోతుందేమోనని ఆ పిల్ల భయం. పెంచల్ వీపు తడి లాంటిదే ఆమెదీ. దాన్ని నాదాకా రానివ్వకుండా తువ్వాళ్లు పీల్చుకున్నాయి.

రేసుకు బయల్దేరే ముందు సుభానీకి ఫోను వచ్చింది. చేతులు నూనెగా ఉన్నాయని ఫోనును కారు ముక్కు మీద పెట్టి స్పీకరు నొక్కాడు. పెంచల్ గొంతు వినగానే నాకు ఊపిరి వచ్చినట్టయింది.

"అన్నా, ఆ పిల్లకి సీటు పోశారా?"

సుభానీ నా వైపు చూశాడు. తువ్వాళ్ల వైపు చూశాడు.

"పోశాం."

"సరిగ్గా కుదిరిందా?"

"కుదిరిందిలే. నువ్వు ఇంటికాడ కూర్చో. మెత్తబడబాక."

నిజం చెబితే పెంచల్ ఆ సాయంత్రానికే షెడ్డులో ఉండేవాడు. ఆ పిల్లను నాలోంచి లేపి తను కూర్చునేవాడు. జీతం మాట మళ్లీ ఎత్తేవాడు కాదు. స్నేహితుడి మాట నిలబెట్టడానికి సుభానీ ఆ అబద్ధం ఆడాడు. మనుషులు ఒకరి మేలు కోసం ఆడే అబద్ధాన్ని మరొకరి వీపు వెనక దోపుతారని నాకు అప్పుడు అర్థమైంది. నేను అరవాలనుకున్నాను. నురగకు గొంతు లేదు.

చెన్నై దగ్గర ట్రాక్ మీద ఎండ కాగుతోంది. దీపాలు ఆరాయి. హరిత చక్కగా తోలింది. అది చెప్పకపోతే అన్యాయం. ఇద్దరిని దాటింది. ప్రతి మలుపులోనూ తువ్వాళ్లు కొద్దికొద్దిగా అణిగాయి. అణిగిన కొద్దీ బెల్టులు వదులయ్యాయి. ఆమె ఒళ్లు నాలో అటూ ఇటూ కొట్టుకుంది. పొడవాటి దారి చివర కుడి మలుపు. అక్కడ పాదమంతా పెట్టి బ్రేకు తొక్కాలి. ఆమె తొక్కింది. వీపు వెనక తువ్వాలు పక్కకు జారింది. ఆమె వెనక్కి వచ్చింది. పాదం పెడలు మీద నుంచి వచ్చేసింది. ఆమె పాదం మళ్లీ పెడలును వెతకడం నాకు తెలిసింది. తర్వాత ట్రాక్ అంచున పేర్చిన టైర్ల గోడ.

నేను ఎడమ అంచున పగిలాను. పెంచల్ వీపు అక్కడ ఉండి ఉంటే పట్టుకునేదాన్ని. ఆమె వీపును పట్టుకోలేకపోయాను. నన్ను ఆమె కోసం పోయలేదు.

బతికింది. వెన్నుపూస దెబ్బతింది. చెన్నైలోనే ఆస్పత్రిలో ఉంచారు.

నన్ను షెడ్డుకు తెచ్చి మూలన పడేశారు. పెంచల్ వచ్చాడు. నన్ను తిరగేసి చూశాడు. చిరిగిన టేపు కింద ఇరుక్కున్న తువ్వాలు లాగి బయట పెట్టాడు. పూల అంచు తువ్వాలు, సుభానీ ఇంటిదే.

"పోశామన్నావే."

"అవును, పోశామన్నాను," అన్నాడు సుభానీ. "నీకోసమే అన్నాన్రా."

"నాకోసం అనబాక."

సుభానీ తువ్వాలు తీసుకుని మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. "ఆ పిల్లను చూసొచ్చినావా?" అని అడిగాడు.

"చూసొచ్చా. ఏమనిందో తెలుసా? 'అన్నా, మీ సీటు పగిలిపోయిందంట గదా, ఏమనుకోవద్దు' అనింది."

హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి.

అప్పుడే శ్రీహరి గారు వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. నా వైపు చూడకుండా నిలబడ్డారు. "నువ్వడిగిందే ఇస్తానయ్యా. ఆస్పత్రి ఖర్చు కూడా నాదే. సిమెంటోళ్లు ఒత్తిడి చేస్తుండారు. మిగిలిన రేసులకు నువ్వు రా."

పెంచల్ అడిగిన జీతం అది. అతను కోరుకున్నట్టే, అతను లేకపోతే ఏమవుతుందో ఆయన చూశారు. గెలిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేను ఎప్పుడూ అతని వెనకే ఉన్నాను. ఆ రోజు మాత్రం మూల నుంచి అతని ముఖం కనిపించింది. రేసు ముందు వీపులో ఉండే భయమంతా అక్కడ ఉంది. దాన్ని పనిలో పెట్టడానికి ఎదురుగా దారి లేదు.

"ముందు ఆ పిల్లకి సీటు పోయించండి సార్," అన్నాడు.

"ఆ పిల్ల లేచి కూర్చునేదానికే డాక్టర్లు ఏమీ చెప్పలేకుండా ఉండారయ్యా."

"కూర్చున్నప్పుడే పోయించండి. తోల్తాదో లేదో తర్వాత సంగతి. ఆమె ఒంటికి ఆమె సీటు ఉండాల. నా సంతకం ఆ తర్వాత."

"సీజన్ అయిపోతాదయ్యా."

"పోనీండి."

అప్పటి నుంచి అతను టైర్ల షాపులోనే ఉన్నాడు. మానేసి తప్పు చేశాడా, మానడం సరే కానీ తన చోటులో ఎవరు ఎలా కూర్చున్నారో వచ్చి కళ్లారా చూడకపోవడం తప్పా అని సుజన, సుభానీ ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు తీర్పు చెప్పే తెలివి లేదు. న్యాయమైన జీతం అడగడం తప్పు కాదు. ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండదు. ఈ రెండూ నాకు తెలుసు.

చెన్నై నుంచి రెండు నురగ డబ్బాలు వచ్చాయి. ఒకప్పుడు పెంచల్ హెల్మెట్ ఉన్న అలమరలో సుభానీ వాటిని పెట్టాడు. రోజూ దుమ్ము తుడుస్తాడు. మూతలు తియ్యలేదు. సీటు పొయ్యాలంటే, నురగ గట్టిపడేదాకా మనిషి నిటారుగా, కదలకుండా కూర్చోవాలి. హరితకు అది ఇంకా చేతకావడం లేదు.

హరిత సీటు ఇంకా పోయలేదు.