ప్రాంప్టరు తొలి వేషం

ఆ వృద్ధుల నివాసం మూడంతస్తుల సామ్రాజ్యం. కింది అంతస్తు స్వతంత్రులది. తమ చొక్కాకు తామే బొత్తాలు పెట్టుకొని, తమ కాఫీని తామే ఒలకబోసుకునే సర్వహక్కులూ వారికి ఉండేవి. నడిమి అంతస్తు ఆ హక్కులను ఆయాల పరం చేసినవారిది. పై అంతస్తు మతిమరుపు ముదిరినవారిది. దాని తలుపుకు లోపలివైపు పిడి లేదు. పైకి మోసుకుపోయినవారిని లిఫ్టు తిరిగి కిందికి దించిన దాఖలా ఆ సామ్రాజ్య చరిత్రలో కనబడదు.

కింది అంతస్తులో ఒక నాటకాల దంపతులు ఉండేవారు. ఆవిడ యౌవనమంతా రంగస్థలం మీద రాణిగా వెలిగింది కనుక ఇప్పటికీ అందరికీ మహారాణే. ఆ రాణి పలికిన ప్రతి పలుకునూ తెర పక్కన నిలబడి గుసగుసగా అందించిన ప్రాంప్టరు ఆయన. చప్పట్లు ఆవిడకూ, చలిగాలికి పట్టిన జలుబు ఆయనకూ దక్కాయి. ముఖానికి రంగు పూసుకునే భాగ్యం మాత్రం ఆయనకు ఒక్కనాడూ కలగలేదు.

మహారాణికి ఇప్పుడు మతి తప్పుతోంది. దువ్వెనను ఫ్రిజ్‌లో దాచి, అద్దంలోని ముసలమ్మను కూర్చోమని మర్యాద చేస్తోంది. ఏటేటా జరిగే పరీక్షలో ఇది బయటపడితే ఆవిడకు పై అంతస్తే గతి.

"నేనూ ఆవిడతోపాటు పైకి వెళ్తానమ్మా," అని ఆయన పర్యవేక్షకురాలిని ముందే అడిగి చూశాడు.

"మతి సరిగ్గా ఉన్నవాళ్ళకి అక్కడ గది ఇవ్వరు బాబాయ్‌గారూ. రూలు."

"సరిగ్గా లేకపోతే?"

"ఇద్దరికీ లేకపోతే ఒకే గదిలో ఉంచుతాం. ఎందుకొచ్చిన మాటలండీ ఇవి! మీకేం, గుండ్రాయిలా ఉన్నారు."

కిందటేడు గుండ్రాయి మహారాణి కుర్చీ వెనక కూర్చొని జవాబులన్నీ అందించింది. ఈ యేడూ అదే ఏర్పాటు అనుకొని, పరీక్షనాటి ఉదయం ఆయన రిహార్సలు పెట్టాడు.

"ఇవాళ ఏ వారం?"

"మీకు తెలియందేముంది, మీరే చెప్పండి."

"బుధవారం."

"అయితే బుధవారమే. మీరెందుకు అబద్ధమాడతారూ?"

"సరే. నేనెవర్ని?"

మహారాణి ఆయనను చాలాసేపు పరిశీలించింది. "మా నాటక సమాజంలో మనిషే కదా మీరు... పేరు నోట్లోనే ఆడుతోంది."

"ఈయన నా భర్త, అను."

"ఈయన నా భర్త. మరీ చిన్న డైలాగండీ, కాస్త పెంచమనండి."

తీరా వెళ్తే పర్యవేక్షకురాలు, "ఈసారి ఒక్కొక్కరే లోపలికి రావాలి. ముందు మీరు," అంది ఆయనతో.

 పక్కన తను లేనిదే మహారాణి నోట ఒక్క ముక్క పెగలదు. పైకి పోవడం ఖాయం. ఇక వెంట వెళ్ళే దారి ఒక్కటే. తలుపు దాటుతూనే ఆయన తన జీవితంలో తొలి వేషం కట్టాడు.

ఎంతోమంది నటుల అతిని పక్కనుంచి భరించినవాడు కనుక తాను అతి చేయలేదు. కలం తీసుకొని తల దువ్వుకున్నాడు. రైలు వెళ్ళిపోయిందా అని నెమ్మదిగా అడిగాడు.

"పిన్నిగారు ఏం చేస్తున్నారు బాబాయ్‌గారూ?"

"ఏ పిన్నిగారమ్మా? నాకింకా పెళ్ళే కాలేదు. సంబంధాలు చూస్తున్నారు."

పర్యవేక్షకురాలు కళ్ళు తుడుచుకుంది. ఏ మహానటుడికి దక్కింది అంతకుమించిన సన్మానం!

తర్వాత మహారాణి లోపలికి వెళ్ళింది. ఆయన తలుపుకు చెవి ఆనించాడు.

"ఇవాళ బుధవారం," అన్నది లోపల ఒక కంఠం, చివరి వరుసకు వినిపించే పాత కంఠం. "బయట కూర్చున్నాయన నా భర్త." ప్రతి జవాబూ ఉదయం తాను నేర్పినట్టే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా వచ్చింది.

రిహార్సలులో అన్నీ మరిచిపోయే ఆవిడ, ఎదుట ప్రేక్షకుడంటూ ఒకరు కనబడితే ఏనాడూ తడబడలేదు. ఆయన తెర పక్కనే కునుకు తీసిన రాత్రుల్లో కూడా నాటకం చివరిదాకా నడిచింది. ఉద్యోగం మీది మమకారంతో ఆ సంగతిని ఆయన తనకు కూడా తెలియనివ్వకుండా దాచాడు.

"నటించానమ్మా! ఒట్టు, అంతా నటన!" అంటూ ఆయన పర్యవేక్షకురాలి వెంటపడ్డాడు.

"అలాగే బాబాయ్‌గారూ. ఇంతకుముందు ఏ నాటకంలో వేశారేమిటి?"

"ఒక్కదాంట్లోనూ వేయలేదు."

పర్యవేక్షకురాలు జాలిగా ఆయన భుజం పట్టుకొని లిఫ్టు వైపు నడిపించింది.

మహారాణికి కింద ఒక ఆయాను తోడుగా పెట్టారు. కొన్ని వారాలకు ఆయా ఆవిడను పై అంతస్తుకు తీసుకువచ్చి, "ఎవరో గుర్తుపట్టండి చూద్దాం," అంది హుషారుగా.

మహారాణి చూపు ఆయన మీద నిలిచి, జారి, కిటికీ మీదికి పోయింది. ఆయన పెదవులు పాత అలవాటున కదిలాయి.

"ఈయన నా భర్త," అని పలికింది ఆవిడ, తల ఎత్తి, నిండుగా.

ఆయా చప్పట్లు కొట్టింది. మహారాణి వినయంగా చిరునవ్వు నవ్వి, ఆయన వైపు కొద్దిగా వంగింది.

"తర్వాత మాటేమిటండీ?"

ఆయన నోరు తెరిచాడు. నేర్పిన పాఠం అంతవరకే. ఆవిడ మర్యాదగా, చాలాసేపు, ఎదురుచూస్తూ నిలబడింది.