దానయ్య గొంతు

పర్యావరణం మీద పిల్లలచేత ప్రాజెక్టు చేయించండి అంటే టీచర్లు ఏం చేయిస్తారో అరుంధతికి కంఠతా వచ్చు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలో మనీప్లాంట్ పెట్టిస్తారు, ఫోటో తీస్తారు, గోడకు అంటిస్తారు. దాంతో భూమి చల్లబడిపోతుంది. సింగపూర్ టీచర్లకు శిక్షణ ఇవ్వడమే ఆమె ఉద్యోగం కాబట్టి ఆ మనీప్లాంట్లను భరించడం కూడా ఉద్యోగంలో భాగమే.

అందుకే ప్రతి శిక్షణలోనూ ఒకటే పాట పాడేది. "ఎండ అందరికీ ఉంది, నీడ కొందరికే ఎందుకుంది? అది అడిగించండి పిల్లలచేత. బాధపడేవాళ్ల మాట వాళ్ల నోటనే వినిపించండి. దాన్ని మార్చగలవాళ్లను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి."

ఆ మాటలు మనసుకు పట్టించుకున్నది కీర్తిక ఒక్కతే. జురాంగ్ వెస్ట్‌లో ఒక స్కూల్లో జాగ్రఫీ చెబుతుంది. పుట్టిపెరిగింది ఇక్కడే అయినా ఇంట్లో తెలుగే. స్కూలు పక్కన కొత్త ఫ్లాట్లు కడుతున్నారు. కిటికీ అద్దానికి ఇవతల ఏసీలో పిల్లలు, అవతల ఎండలో కూలీలు. ప్రాజెక్టు దానిమీదే అని కీర్తిక చెప్పినప్పుడు అరుంధతికి ప్రాణం లేచొచ్చింది.

ఇక కూలీ మాట ఒకటి కావాలి. ఆ సైట్లో ఎక్కువమంది తమిళులూ బంగ్లాదేశ్ వాళ్లూ. ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో, కూరగాయల కొట్టు ముందు, అరుంధతికి దానయ్య దొరికాడు. ఆ సైట్లోనే ఇనప కడ్డీలు కట్టే పని. అతనిది పలాస దగ్గర ఊరు, ఆమెది బొబ్బిలి. యాస చెవిన పడగానే ఇద్దరి మొహాలూ విప్పారాయి. అయినా రికార్డింగ్ అనేసరికి అతను వెనక్కి తగ్గాడు.

"వొద్దమ్మా. పైవోలకి తెలిస్తే నన్ను ఉంచరు."

"పేరు చెప్పం, మొహం చూపించం. పిల్లల ప్రాజెక్టే కదా దానయ్యా. నేనున్నాను కదా."

ఆ 'నేనున్నాను' అన్న మాట నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో! దానయ్య బెండకాయల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, మీ మాట మీదేనమ్మా అంటూ ఫోన్ ముందు కూర్చున్నాడు. ఎండ ముదిరితే గంటకోసారి నీడన కూర్చోబెట్టాలని నియమం ఉందట. కాంక్రీటు లారీ వచ్చి నిలబడితే ఆ నియమం ఎవరికీ గుర్తుండదట. పక్కవాడు కళ్లు తిరిగి పడిపోతే, నెత్తిన నీళ్లు పోసి మళ్లీ కడ్డీలు చేతికిచ్చారట.

కీర్తిక అంతా విని, "ఆంటీ, దీన్ని వేరేవాళ్లతో ఇంగ్లిష్‌లో చదివిద్దాం లా. సేఫ్ కదా?" అంది, సింగపూర్ వాళ్ల అలవాటు చొప్పున మాట చివర 'లా' తగిలించి.

అరుంధతి ఒప్పుకోలేదు. "గొంతు మార్చేశాక ఇంక అతని మాట ఎక్కడుంది? కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు వేయండి. గొంతు మాత్రం అతనిదే ఉండాలి." తను నేర్పే సిద్ధాంతం అదే. కానీ దాని వెనక ఇంకో ఆశ ఉంది, అది కీర్తికకు చెప్పలేదు. ఆ పెద్ద హాల్లో, అంతమంది ముందు, ఒక్కసారి తన ఊరి తెలుగు వినబడాలి.

ప్రదర్శన రోజున వినబడింది. తెరమీద ఉత్త నలుపు, అందులోంచి దానయ్య గొంతు. అరుంధతి నేర్పిన పద్ధతి ప్రకారమే ముందు వరసలో ఆ ఫ్లాట్లు కడుతున్న కంపెనీ మేనేజరు కూర్చున్నాడు. మర్యాదస్తుడు. చివర్న లేచి పిల్లల్ని మెచ్చుకున్నాడు, సైట్లో నీడకు వలలు కట్టిస్తానని మాటిచ్చాడు. చప్పట్లు మోగాయి. టీ తాగేచోట అరుంధతి పక్కకొచ్చి ఇంగ్లిష్‌లో అడిగాడు.

"వినడానికి ఎంత బాగుందండీ. ఏ భాష అది?"

"తెలుగు. మా భాషే" అంది అరుంధతి. ఆ రోజు ఆమె అంత సంతోషంగా అన్న మాట ఇంకోటి లేదు.

ఆ వారం తిరక్కుండానే దానయ్య ఫోన్ చేశాడు.

"నా పని పర్మిట్ తీసేసినారమ్మా. రేపు ఫ్లైటంట. మా కంపెనీల తెలుగోలం ఇద్దరమే. రెండోవోడు పెల్లికని ఊరెల్లిపోనాడు. ఇంక మిగిలింది నానే కదా." ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "మీరొక్క మాట సెప్పండమ్మా ఆ సారుకి. అది నా గొంతు కాదని సెప్పండి."

అరుంధతి పేరు దాచింది, మొహం దాచింది. మనిషిని ఇట్టే పట్టిచ్చేదాన్ని మాత్రం చేతులారా తెరమీద పెట్టింది. చాలక, అడిగినవాడికి నోరారా చెప్పింది.

మేనేజరుకు ఫోన్ చేసింది. ఆ గొంతు దానయ్యది కాదంది, వేరే ఎవరిదో అంది. అతను అంతా విన్నాడు. "పని తగ్గింది మేడమ్, మనుషుల్ని తగ్గించుకుంటున్నాం. మీ వీడియోకీ దీనికీ ఏం సంబంధం లేదు. వీడియో మాత్రం చాలా బాగుంది." అంత మర్యాదతో ఎవరు పోట్లాడగలరు?

ఫిర్యాదు చేద్దాం, నేను తోడొస్తానని దానయ్యతో అంది.

"ఇప్పుడు గొడవపడితే రేపు ఇంకో కంపెనీ కూడా రానీదమ్మా. వొగ్గేయండి" అన్నాడు. అతను వెళ్లిపోయాడు. 'నేనున్నాను' అన్న మనిషి ఇక్కడ సింగపూర్‌లోనే, బిషాన్‌లో తన ఫ్లాట్‌లో తను ఉంది.

సైట్లో వలలు నిజంగానే కట్టారు. ప్రాజెక్టుకు బహుమతి వచ్చింది. తీసుకోవడానికి కీర్తిక రాలేదు, అరుంధతి చేస్తే ఫోన్ కూడా ఎత్తలేదు. ఆ తరవాత ఆమె క్లాసు పిల్లలు సీసాల్లో మనీప్లాంట్లు పెట్టారని తెలిసింది.

కొత్త టీచర్ల శిక్షణ మొదలైంది. ఆ వీడియో తీసేద్దామని అరుంధతి ఎంత చెప్పినా పైవాళ్లు వినలేదు. బహుమతి పొందిన నమూనా, చూపించకపోతే ఎలా అన్నారు. చూపించింది. నల్లటి తెరలోంచి దానయ్య కాంక్రీటు లారీ గురించి చెప్పుకుపోతున్నాడు. టీచర్లు కదలకుండా విన్నారు, చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"మేడమ్, ఇది ఏ భాష?"

"తెలియదండీ" అంది అరుంధతి. తరవాతి స్లైడు నొక్కింది.