అల్లరి మానేసిన పిల్ల

విల్యా కొరకడం మానేసింది. ఉత్తరాన మంచుదేశంలో ఉన్న ఔలు పట్టణపు పిల్లల మానసిక వార్డంతా సంబరపడింది. నర్సు సిర్కా ఒక్కతే సంబరపడలేదు.

విల్యాకు తొమ్మిదేళ్ళు. వచ్చిన కొత్తలో కుర్చీలు తన్నేది, కడుపునొప్పని పాలగ్లాసు నెట్టేసేది, సిర్కా ముంజేతిని రెండుసార్లు కొరికింది. పిల్లలకు దిగులు ఏడుపుగానే రాదు. కోపంగా వస్తుంది, కడుపునొప్పిగా వస్తుంది. ఈ ముక్క చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఈ దేశంలో నోరు మూసుకున్న పిల్లే బుద్ధిమంతురాలు. మూడు వారాలుగా విల్యా నోరెత్తలేదు. బుధవారం ఇచ్చే దాల్చినచెక్క బన్ను కోసం రక్కే పిల్ల, మొన్న దాన్ని పక్క పిల్ల ముందుకు తోసేసింది. "పంచుకోవడం నేర్చుకుంది" అని కేసు షీట్లో రాశారు.

శుక్రవారం మీటింగులో విల్యాను ఇంటికి పంపేద్దామన్నాడు డాక్టరు రౌతియో.

"నేర్చుకోలేదండీ. దానికి ఏదీ అక్కర్లేకుండా పోయింది," అంది సిర్కా.

"సిర్కక్కకి పిల్ల తనని కరిస్తేగానీ తృప్తి ఉండదు," అంది తోటి నర్సు హెల్వి. అందరూ నవ్వారు.

"ఉండదే. కరిచిందంటే ఇంకా ఏదో కావాలని ఉన్నట్టు."

"అడిగాను కదా. బాగున్నానంది," అన్నాడు రౌతియో.

"ఇక్కడ బాగాలేనని ఎవరంటారండీ? మీరెప్పుడైనా అన్నారా?"

రౌతియో వెయిటింగ్ లిస్టు ముందుకు లాక్కున్నాడు. విల్యా మంచం కోసం పదకొండు మంది పిల్లలు ఎదురుచూస్తున్నారన్నాడు. అబద్ధం కాదు. మంచాలు తగ్గించినవాళ్ళు ఆ గదిలో లేరు. వాళ్ళెప్పుడూ ఉండరు. సంతకం పడిపోయింది.

మధ్యాహ్నం తల్లి మెర్వి వచ్చింది. కోట్లు తగిలించే చోట సిర్కా ఆమెను ఆపింది.

"డాక్టరు రాసిందానికి నేను ఒప్పుకోవడం లేదమ్మా. పిల్ల కుదుటపడలేదు. ఆరిపోతోంది."

"ఇప్పుడా చెప్పేది? ఎంత నెమ్మదిగా ఉందో కనబడ్డం లేదా మీకు? ఏడాదిలో మొదటిసారి నన్ను తన్నకుండా నిలబడింది."

మెర్వి మోకాళ్ళ మీద కూర్చుని పిల్లకు ఉన్ని మేజోళ్ళు తొడిగింది. ఒకటి తొడిగింది. రెండోది సగంలో ఆపేసింది.

"విల్యా, గుచ్చుకోవడం లేదూ?"

పిల్ల మేజోడు వైపైనా చూడలేదు.

"రోజూ వీటికోసం ఇల్లు పీకి పందిరేసేదానివి కదే. గుచ్చుకుంటున్నాయని చెప్పు తల్లీ."

"పర్లేదమ్మా," అంది విల్యా. కాలు తల్లి చేతిలో ఎలా పెట్టిందో అలాగే ఉంది.

మెర్వి చాలాసేపు ఆ కాలిని పట్టుకునే ఉంది. తర్వాత మేజోడు లాగేసింది. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బెంచీ మీద కూలబడింది.

"మేం వెళ్ళం," అంది.

"మంచం వేరే పిల్లకి ఇచ్చేశారమ్మా," అంది సిర్కా.

"ఇవ్వనీయండి. ఇక్కడే కూర్చుంటాం. ఆ డాక్టర్ని వచ్చి దీన్ని ఎత్తుకుని చూడమనండి. గోనెసంచిలా ఉంది నా పిల్ల."

సిర్కా రౌతియో గది వైపు నడిచింది. తలుపు కొట్టకుండానే తోసింది.