పదకొండు బండల మేక కథ

నాకంటే ముందు నా కోపం పుట్టిందని మా అమ్మ అంటూ ఉండేది. కమలాపురం నుంచి బేతంచెర్ల గనుల దగ్గరి మిషను బడికి పంతులమ్మగా వచ్చిన మొదటి వారంలోనే ఆ మాట పిల్లలందరికీ తెలిసిపోయింది. ముప్పై ఒక్కమంది పిల్లలు, ఒక బోదగడ్డి కొట్టం, ఒక నల్లబల్ల, ఒకే ఒక్క బొమ్మల పుస్తకం. ఇదీ 1934లో మా బడి.

ఆ పుస్తకం ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చింది. మొదటి పేజీలో మంచు కప్పిన ఇల్లు, ఇంటిముందు తల నుంచి కాళ్ల దాకా మంచు పడిన మనిషి. ఇదేమిటో చెప్పండి అని అడిగితే రాళ్లు కొట్టే గాబ్రియేలు కూతురు విశ్వాసమ్మ, తొమ్మిదేళ్ల పిల్ల, ఠపీమని లేచింది.

"రాళ్ల దుమ్ము పంతులమ్మా. మా నాయన గనికాడ్నుంచి వచ్చేటప్పుడు ఇట్నే ఉంటాడు."

అది మంచు అమ్మా, ఆకాశం నుంచి పడుతుంది అని చెప్పాను. వానే సరిగ్గా పడని ఊళ్లో పిల్లలు నన్ను జాలిగా చూశారు. ఆ పుస్తకంతో అక్షరాలు నేర్పడానికి నేను నానా తిప్పలూ పడ్డాను. వాళ్లు మాత్రం నా నోట విన్నది విన్నట్టు పట్టేసి, పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా అప్పజెప్పేవాళ్లు. మిషను బడుల ఇన్‌స్పెక్టరు దావీదురాజు గారు సరిగ్గా అప్పుడే వచ్చి చూశారు. "ఇది చదువు కాదు జీవమ్మగారూ, కంఠతా. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే బడి ఎత్తేయమని రాయాల్సి వస్తుంది" అని మెత్తగా చెప్పి వెళ్లారు. బడి లేకపోతే ఆ పిల్లలు గనిలో కంకర తట్టలు మోయడానికి పోతారు. విశ్వాసమ్మ కోసం తట్ట అప్పటికే ఇంట్లో సిద్ధంగా ఉంది.

ఆ తర్వాత నాలుగు నెలలకు చెదపురుగులు నాకంటే శ్రద్ధగా ఆ పుస్తకాన్ని పూర్తి చేశాయి. మిగిలిన అట్టలు పట్టుకుని నేను తిట్టుకుంటూ కూర్చుంటే గాబ్రియేలు గుమ్మంలో నిలబడి విన్నాడు.

"రాతికి చెదలు పట్టవు గదమ్మా" అన్నాడు.

గనిలో మూలలు విరిగిన నాపబండలకు కొదవ లేదు. మూరెడు చదరపు బండలు పన్నెండు తెచ్చి పడేశాడు. కథ పిల్లలనే చెప్పమన్నాను. వాళ్లకు కథ వెతుక్కునే పని లేదు. కిందటి వారమే ఒక మేక నా గొడుగు గుడ్డంతా తినేసి కడ్డీలు మాత్రం వదిలింది. ఒక్కో బండ మీద గాబ్రియేలు ఒక్కో బొమ్మ చెక్కాడు. బొమ్మ కింద నేను సుద్దతో ఒక్క ముక్క రాసేదాన్ని, దాని మీద ఉలి నడిపేవాడు. అతనికి చదువు రాదు. అక్షరం కూడా అతనికి బొమ్మే. "ఈ కొమ్ము యాడికి తిరిగిండాదమ్మా?" అని అడిగి మరీ చెక్కేవాడు.

మేక తాడు తెంపింది. మేక పంతులమ్మ గొడుగు తినింది. మేక ఇంజను చూసింది. మేక రైలు ఎక్కింది. మేక టికెట్టు తినింది. మేకను స్టేషను మాస్టరు తరిమినాడు. ఇలా స్టేషను తర్వాత స్టేషను దిగి, పదకొండో బండకు మేకకు దాహమైంది. మేకకు నీళ్లు దొరకలేదు.

పన్నెండో బండ దగ్గర పెద్ద రభస. నీళ్లు ఎవరు ఇచ్చినట్టు? దేవదూత అని ఒకడు, గార్డు అని ఒకడు. విశ్వాసమ్మ చేతులు కట్టుకుని, "ఎవురూ ఇయ్యరు. ఊరు దాటితే మనకే ఇయ్యరు, మేకకిస్తారా?" అంది. నేను సుద్దముక్క కింద పెట్టేశాను. ఆ బండ ఖాళీగానే ఉండిపోయింది.

రోజూ పొద్దున నేను బండల వరస మార్చి గోడకు ఆనించేదాన్ని. పిల్లలు బొమ్మ చూసి, కింద మాట చూసి, కథ సరిచేసుకోవాలి. మొదట బొమ్మల్ని చూసి చెప్పేవాళ్లు. పోను పోను వేలు అక్షరాల మీదికి దిగింది. నిజంగా చదువుతున్నారో, ఇది కూడా కంఠతా వచ్చేసిందో నాకే అనుమానంగా ఉండేది. వరస నాకే తప్పిపోతుంటే, ఒక ఉపాయం చేశాను. బండల వెనకవైపు సున్నంతో బొట్లు పెట్టాను. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా పదకొండు దాకా. వేసవి సెలవులకు ఊరెళ్లే ముందు చెక్కిన గీతల్లో దుమ్ము చేరకుండా అన్నిటినీ గోడవైపు తిప్పి పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయి రైలెక్కాను.

నెల తర్వాత, ఒక గురువారం వచ్చి చూస్తే గోడకు ఖాళీ బండ ఒక్కటే ఆని ఉంది. సోమవారం ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. నేను వ్యాగన్లకు బండలెత్తించే మేస్త్రీ శేషన్న మీదికి పోయాను.

"ఏమప్పా, బడి బండలు యాడ?"

"డోన్‌కు పోయినాయి గదమ్మా, పెద్దసుబ్బయ్య శెట్టి కొత్తింటికి. సున్నం బొట్లు ఉన్నెగదా!"

"బొట్లుంటే?"

"బొట్టు పెడితే అమ్ముడుపోయినట్టు. గనికాడ నడకొచ్చిన బిడ్డకు గూడా తెలుసు. ఎవురు పెట్టినారో గానీ ఒకదానికి పదకొండు పెట్టిండారు. శానా అక్కరగల బేరగాడు అనుకుంటిమి."

అప్పటికే నేను అతని ఏడు తరాలను తిట్టడం మొదలుపెట్టి ఉన్నాను. మధ్యలో ఆపేసి నోరు మూసుకున్నాను. గనిలో ఏడాదిన్నర ఉండి ఆ ముక్క తెలుసుకోని పంతులమ్మను ఎవరు తిట్టాలి?

మళ్లీ చెక్కుదామంటే గాబ్రియేలుకు బండకు నాలుగు రోజులు కావాలి. ఆ మధ్యాహ్నమే ఇద్దరం డోన్ రైలెక్కాం. శెట్టిగారు అంగడి అరుగు మీద నుంచి లేవకుండానే, "గీతలు పడిన రాళ్లు అంటగట్టినారని మీ మేస్త్రీతో పేచీ పెట్టుకుందామనుకుంటి. బాయికాడ కాలు జారకుండా పనికొచ్చెలే అని ఏయిస్తి. గచ్చుతో కూర్చినాం, పెరికితే ఇరుగుతాయి. సూడాలంటే ఎనక సందులోకి పోండి" అన్నారు.

వెనక సందు తలుపు తీసింది శెట్టిగారి భార్య అనసూయమ్మ. ముప్పై ఏళ్లుంటాయి. నేను బడి, బండలు అనగానే ఆమె మొహం వెలిగింది.

"ఈ మేక మీదేనా? ఈ రెండు అచ్చరాలు మేక అనే గదా? పదకొండు రాళ్లలో మేక ఉండాది, పదకొండింటి కింద ఇవే రెండు ముందొస్తాండాయి. నాకు ఎవురూ చెప్పలా."

అంట్లు తోముకుంటూ, నీళ్లు తోడుకుంటూ, బడి మొహం ఎరగని మనిషి తనంతట తాను ఆ మాట కనుక్కుంది. గుమ్మం బయట నిలబడి నేను కథ మొదటి నుంచి చెబుతుంటే, తాపీ మనిషి ఇష్టమొచ్చినట్టు పరిచిన బండల్లో ఏది ఏదో వెతుక్కుంటూ, ఒక్కో అక్షరం మీద కాలివేలు పెట్టి ఆమె పలికింది.

"ఆమీద? నీళ్లు ఎవురిచ్చిరి?"

"ఆ బండ ఖాళీ తల్లీ. ఎవరిస్తారో పిల్లలకు తెలియలేదు."

మా గొంతులు ఎండ దెబ్బకు ఆర్చుకుపోయి ఉన్నాయి. ఆమె చేతిలో నిండు బిందె ఉంది. పంచలో కూర్చున్న అత్తగారు గట్టిగా దగ్గారు. అనసూయమ్మ తల దించుకుంది. మమ్మల్ని గుమ్మం దాటి రమ్మనలేదు, నీళ్లు పొయ్యలేదు.

నాకు మండుకొచ్చింది. నేను ఏదో ఒకటి అనేలోపే గాబ్రియేలు అడ్డం పడ్డాడు.

"రాళ్లు ఈడ్నే ఉండనీ తల్లీ. బండ మీద గుడ్డ పరిచి బొగ్గుతో రుద్దితే బొమ్మ గుడ్డకెక్కుతాది. బేరగాళ్లకు మేము అట్లనే సూపిస్తాం."

ఆమె పాత పంచె ఒకటి చింపి తెచ్చింది. గాబ్రియేలు సందులో నిలబడే "ల్యాతగా తల్లీ, ఇంకా ల్యాతగా" అని చెబుతుంటే ఆమె రుద్దింది. గుడ్డ మీద కొమ్ములు లేచాయి, గడ్డం లేచింది, నా గొడుగు కూడా లేచింది. ఆమె చిన్నపిల్లలాగా నవ్వింది. అంతలో అత్తగారు పిలిచారు. మిగిలినవి తానే రుద్ది సోమవారం పొద్దున బండికి అంగడి మనిషితో పంపిస్తానని చెప్పి, తలుపు వేసేసింది.

స్టేషన్లో ఇంజనుకు నీళ్లు పట్టే కొళాయి దగ్గర దోసిళ్లు పట్టి తాగాం. బేతంచెర్ల వచ్చేదాకా నేను ఆమెను తిడుతూనే ఉన్నాను. గుడ్డలు పంపదు, చూడు అన్నాను. పంపుతాదిలేమ్మా అన్నాడు గాబ్రియేలు.

సోమవారం ఇన్‌స్పెక్టరు గారు దిగిన బండిలోనే మూట కూడా దిగింది. విప్పి చూసుకునే తీరిక లేదు. పిల్లలు గుడ్డలు కలగలిపి, వరస పెట్టి, తాడుకు తగిలించి, వేళ్లు పెట్టి చదివారు. ఒక్కరూ తప్పలేదు. దావీదురాజు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"బొమ్మలు బాగున్నాయి జీవమ్మగారూ. కానీ వీళ్ల కథ వీళ్లకు నోటికి వచ్చే ఉంటుంది. పోయినేడు అప్పజెప్పిన దానికీ దీనికీ తేడా ఏమని రాయను?"

నేను భయపడుతూ వచ్చిన మాట అదే. గోడ పక్కన విశ్వాసమ్మ మూట దులుపుతోంది.

"పంతులమ్మా, ఇంకోటి ఉండాది."

పన్నెండో గుడ్డ. అది రుద్దింది కాదు, బొగ్గుతో చేత్తో గీసింది. కొంచెం కుక్కలాగా ఉన్న ఒక మేక, ఒక బావి, బిందె పట్టుకున్న ఆడమనిషి. కింద వంకరటింకర అక్షరాలు. దావీదురాజు గారు అనుమానంగా నా వైపు చూశారు. తెరిచిన నా నోరు చూసి, దీని సంగతి నాకూ తెలియదని నమ్మారు.

"చదువమ్మా" అన్నారు.

విశ్వాసమ్మ బొమ్మ చూసింది. "మేక బాయికాడికి…" అని మొదలుపెట్టి ఆగింది. "కాదు. బాయి అని లేదు ఈడ." వేలు కిందికి దించింది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, పెదవులు కదుపుతూ పోయింది.

"మేక… మా… ఇంట… నీళ్లు… తాగింది."

ఇంకోసారి, ఈసారి ఆగకుండా, గట్టిగా చదివింది. "మేక మా ఇంట నీళ్లు తాగింది."

ఇంజను బండ నుంచి ఒక అక్షరం, టికెట్టు బండ నుంచి ఒకటి, స్టేషను మాస్టరు దగ్గర ఇంకొకటి ఏరుకొచ్చి కూర్చింది అనసూయమ్మ. గాబ్రియేలు ఉలి జారి 'క'కు వచ్చిన తోక కూడా వదలకుండా దించింది. అత్తగారి ముందు నోటితో అనలేని మాట అది. నాకు కోపం తప్ప ఏడుపు రాదనుకునేదాన్ని. పిల్లల ముందే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. రైలులో తిట్టిన ప్రతి తిట్టుకూ సిగ్గుపడ్డాను.

"మా ఇంట అంటే ఎవురింట పంతులమ్మా?" అంది విశ్వాసమ్మ.

చెప్పాను. ఆ పిల్ల గుడ్డను జాగ్రత్తగా పదకొండో దాని పక్కన తాడుకు తగిలించింది. దావీదురాజు గారు తన పుస్తకంలో ఏదో రాసుకుని, బడి ఉంటుందని చెప్పి, పన్నెండో గుడ్డను తానూ ఒకసారి పైకి చదువుకుని వెళ్లారు.

ఆ వారమే గాబ్రియేలు ఖాళీ బండ మీద ఆ బొమ్మను, ఆ అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు, వంకరలతో సహా చెక్కాడు. నేను వెనక్కి తిప్పి ఒక్క సున్నం బొట్టు పెట్టాను.

"ఇది అమ్ముడుపోయిందా పంతులమ్మా?" అని భయంభయంగా అడిగాడు శేషన్న.

"పోయిందప్పా. డోన్‌కు ఎక్కించు."