బస్టాపు పోచమ్మ

కామాటిపుర పదకొండో గల్లీ మొగన, బస్టాపు స్తంభానికి నాలుగడుగుల ఇవతల ఒక నల్లరాయి ఉండేది. మోకాలెత్తు రాయి. ఏళ్ల తరబడి మనుషులు కూర్చుని కూర్చుని దాని నెత్తి పెద్దమనిషి బట్టతలలా నున్నబడింది. దాన్ని అక్కడ ఎవరు పాతారన్నది ఏ కాగితంలోనూ లేదు. లచ్చయ్య నోట్లో మాత్రం ఉంది. అడిగినవాడికల్లా ఒక్కో తీరుగా ఉంది.

"మా నాయన పాతిండు. ఒక్క చేత్తోని ఎత్తి పాతిండు. రెండో చెయ్యి ఖాళీ లేకుండె, తంబాకు నలుపుతుండె" అనేవాడు సోమవారం నాడు. మంగళవారానికి రాయిని మోసింది ఏనుగయ్యేది. బుధవారానికి ఆ ఏనుగు వాళ్ల నాయనకు దూరపు చుట్టమయ్యేది.

లచ్చయ్యకు డెబ్బయి మూడేళ్లు. తాతల కాలంలో పాలమూరు నుంచి ఇళ్లు కట్టడానికి వచ్చిన కామాటోళ్ల మనవడు. తనూ నలభై ఏళ్లు రోడ్ల పనిలో తట్ట మోశాడు. ఇప్పుడు రోడ్డు వారనున్న వరసగదుల చాల్‌లో, రెండో అంతస్తులో, ఒక్క గది, ఒక్క స్టవ్వు, ఒక్క కంచం. రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి తువ్వాలతో రాయిని దులిపి కూర్చునేవాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లే ఆయన సభ.

"ఆ ఏడు వాన ఎంత కొట్టిందంటే, డబల్ డెక్కర్ బస్సు కింది అంతస్తుల అన్నీ చేపలే. అండ్ల ఒక్క బొంబిల్ చేప టికెట్ తీసుకోలే. కండక్టర్ దానితోని ఏమన్నడో ఎర్కేనా..."

అంతలో బస్సు వచ్చేది. జనం నవ్వుకుంటూ ఎక్కి పోయేవాళ్లు. కండక్టర్ ఏమన్నాడో ఇంతవరకు ఎవరికీ తెలియదు. లచ్చయ్య చెప్పిన ఏ కథకైనా చివర విన్నవాడు కామాటిపురలో లేడు.

వినే మనిషి ఒక్కతే ఉండేది. పెంటమ్మ, ఆయన పెళ్లాం. పరేల్‌లో రెండిళ్లలో వంట చేసి ఆరింటి బస్సులో దిగేది. దిగగానే ఖాళీ టిఫిన్ డబ్బా ఆయన చేతికిచ్చి, "ఊఁ, ఇయ్యాల ఎవర్ని ముంచినవ్?" అని అడిగేది. చాల్ గేటు దాకా నడుస్తూ కథ చివరంటా విని, "థూ నీ అబద్ధం" అనేది. బస్టాపు నుంచి చాల్‌కు రెండు వందల అడుగులు. ఆ రెండు వందల అడుగుల్లో ఫుట్‌పాత్ పేరుకే. సగం మీద మోటారు సైకిళ్లు, సగం మీద దుకాణాల మూటలు. ఐదేళ్ల కింద ఒక సాయంత్రం లచ్చయ్య జ్వరం వచ్చి గదిలో పడుకున్నాడు. పెంటమ్మ ఒక్కతే బస్సు దిగింది. నడవను దారి లేక రోడ్డుమీదికి దిగింది. ఇనుప చువ్వలు వేసుకుని వెనకనుంచి వస్తున్న తోపుడు బండి నడుముకు తగిలింది. తుంటి విరిగింది. పదకొండు నెలలు మంచంలో ఉండి కన్నుమూసింది.

ఈ ఒక్క సంగతి లచ్చయ్య బస్టాపులో ఎవరికీ చెప్పలేదు. ఇది నిజం గదా, ఆయనకు నిజం చెప్పే అలవాటు లేదు. ఆరింటి బస్సును మాత్రం రోజూ చూసేవాడు. ఆఖరి మనిషి దిగేదాకా చూసి, తువ్వాల భుజాన వేసుకుని లేచేవాడు.

అట్లా ఉండగా ఒకరోజు రుతుజ వచ్చింది. చేతిలో టేపు, నెత్తిన పసుప్పచ్చ టోపీ. నాగ్‌పాడా నుంచి ఇటు ఎనిమిది వందల మీటర్ల రోడ్డు మారుస్తున్నారట, ఆ పని చూసే ఇంజినీరు. ధారావిలో పుట్టిన తెలుగుపిల్ల. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు, మధ్యమధ్యలో మరాఠీ, తాతా అనాల్సిన చోట ఆజోబా.

"ఆజోబా, జరా లెవ్వుండ్రి. కొలవాలె."

"రాయినా, నన్నా? నన్నయితే నీ టేపు సరిపోదు బిడ్డా. నా ఆయుష్షు చానా పొడుగు."

పిల్ల నవ్వింది. లచ్చయ్యకు అంతే కావాలి, జరిగి చోటిచ్చాడు. రుతుజ సుద్దతో నేలమీద గీతలు గీసి చూపించింది.

"ఇగో, ఇదంత నడిచేటోళ్లకు. ఇది సైకిళ్లకు. ఇది బస్సుకు, అండ్ల ఇంకో బండి రావద్దు. బస్టాపు ముందుకు పోతది, చౌక్ కాడికి. పైన కప్పు, కింద స్టీల్ బెంచీ. ముసలోళ్లు, చక్రాల కుర్చీలోళ్లు ఎక్కడా రోడ్డుమీదికి దిగే పని ఉండదు."

లచ్చయ్య ఆ సుద్ద గీతల్ని చూశాడు. పెంటమ్మ, తను, మధ్యలో టిఫిన్ డబ్బా, పక్కపక్కన నడిచినా ఇంకా చోటు మిగిలేంత వెడల్పు. ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిన వెడల్పు.

"మంచిగనే ఉంది. మరి ఈ రాయి?"

"నట్టనడుమ వస్తది ఆజోబా. తీసుడే."

లచ్చయ్య తువ్వాలతో రాయిని ఇంకోసారి దులిపాడు. రాయి పోతే ఐదింటికి ఎక్కడికి పోవాలి? గదిలో నాలుగు గోడలకూ ఆయన కథలన్నీ కంఠతా వచ్చు.

రుతుజ పోతూ పోతూ, తీసేయాల్సిన రాయి అని గుర్తుకు, దానికి పసుప్పచ్చ రంగు గుండ్రంగా పూసి నడుమ ఎర్రచుక్క పెట్టింది. నాయనమ్మ దగ్గర భాష నేర్చింది గాని మిగతాది నేర్చినట్టు లేదు. తెలుగోళ్ల గల్లీ మొగన నల్లరాయికి పసుపు పూసి ఎర్రబొట్టు పెడితే ఏమవుతుందో పాపం ఆ పిల్లకు తట్టలేదు.

తెల్లారి ఆరుగురు కూలీలొచ్చారు. అందరూ పాలమూరువాళ్లే. వాళ్ల పెద్ద ప్రవీణ్ గడ్డపార ఎత్తి, ఎత్తినట్టే ఆగాడు. రాయిని సాగనంపుదామని పొద్దున్నే వచ్చిన లచ్చయ్య వైపు చూశాడు.

"పెద్దయ్యా, గిదేంది? బొట్టు పెట్టిర్రు?"

"అది రంగు బిడ్డా" అంటే అయిపోయేది. ఆ మాట లచ్చయ్య నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని డెబ్బయి మూడేళ్ల అలవాటు దాన్ని వెనక్కి నెట్టి ముందు నిలబడింది.

"నన్నెందుకు అడుగుతవ్? నీ పని నువ్ చెయ్. కాని ఒక్కమాట. వెనకట దీన్ని కదపనీకి ఒకడొచ్చిండు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపాయె. ఇప్పటికీ షోలాపూర్‌ల వాని పెండ్లాం ఆ చేతిమీదనే బట్టలు ఆరేస్తది."

ఒక కూలీ నవ్వబోయి ప్రవీణ్ మొహం చూసి మింగేశాడు. ప్రవీణ్ గడ్డపార దించాడు. చెప్పులు విడిచాడు.

ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నాడు లచ్చయ్య. కాని నీళ్ల బిందెతో మల్లవ్వ వచ్చింది. పక్క గదిలో ఉంటుంది. పెంటమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి ఈయనకు వరసకు మరదలు. పసుపు చూసింది, బొట్టు చూసింది, చెప్పుల్లేకుండా నిలబడ్డ కూలీలను చూసింది.

"అమ్మా పోచమ్మా! ఇన్నేండ్లు నీ నెత్తిమీదనే కూసున్నమా తల్లీ!" అని బిందెడు నీళ్లూ రాయికి సాక పోసింది. మధ్యాహ్నానికి వేపకొమ్మలు వచ్చాయి. సాయంత్రానికి కొబ్బరికాయలు పగిలాయి.

ఐదింటికి లచ్చయ్య వచ్చి తువ్వాలతో రాయి దులపబోయాడు.

"ఓ బావా! కండ్లు పోయినయా? తల్లిమీద కూసుంటవా?"

"ఇది నా రాయి మరదలా..."

"నిన్నటిదాక. ఇప్పుడు చెప్పులిడిచి మాట్లాడు."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం ఎంత బాగా అతికిందంటే, ఆడినవాడికే కూర్చోను చోటు లేకుండా పోయింది.

నెల తిరిగేసరికి రాయి చుట్టూ గద్దె వెలిసింది. గద్దె చుట్టూ ఇనుప కంచె, పైన రేకు. బస్టాపు చౌక్ దగ్గరికి పోయింది, దానితోపాటు జనమూ పోయారు. లచ్చయ్య మాత్రం మూసిన దుకాణం షట్టరుకు వీపు ఆనించి అక్కడే నిలబడేవాడు. వచ్చేవాళ్లు వచ్చేవారు. కళ్లు మూసుకుని దండం పెట్టి, కళ్లు తెరిచి పోయేవారు. దేవత ముందు కథ ఎవడు వింటాడు? ఎవడి కోరిక వాడిది.

కొత్త ఫుట్‌పాత్ అటునుంచి వచ్చింది, ఇటునుంచి వచ్చింది. గద్దె దగ్గర ఆగిపోయింది. నడిచేవాళ్లు అక్కడ రోడ్డుమీదికి దిగి, పది మీటర్లు బండ్ల మధ్య నడిచి, మళ్లీ ఎక్కాలి.

"ఎనిమిది వందల మీటర్లల ఏడు వందల తొంభై అయింది ఆజోబా" అన్నది రుతుజ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈ పది కాడనే ఆగింది. ప్రవీణ్ ముట్టడు. నేను బలవంతం చేస్తే లొల్లి అయితది. ఇది నా పెయింట్ అని మీరన్న చెప్పుండ్రి. మీరు చూసిర్రు గదా."

లచ్చయ్య అటు తిరిగి, "నాకేం తెల్వది బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల ఇంకేమీ అడగకుండా పోయింది.

తర్వాత నాలుగో రోజు, ఆరు కావస్తుండగా, మల్లవ్వ కూరగాయల సంచితో వచ్చింది. తల్లికి దండం పెట్టి రోడ్డుమీదికి దిగింది. మోటారు సైకిలొకటి ఆమెను రాసుకుంటూ పోయింది. సంచి దానికి తగులుకుంది. మల్లవ్వ గిర్రున తిరిగి మోకాళ్లమీద పడింది. టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

"ఏం గాలే బావా, ఏం గాలే" అని నవ్వుతూ లేచింది. చర్మం గీసుకుపోయింది, అంతే. లచ్చయ్య రోడ్డుమీద కూర్చుని ఒక్కో టమాటా ఏరాడు. పెంటమ్మ పడ్డ రోజు ఆయన చూడలేదు. గదిలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఇన్నేళ్లకు ఇప్పుడు చూశాడు.

పోగైన జనం మధ్య అక్కడే లేచి నిలబడ్డాడు.

"ఇనుండ్రి. అది పోచమ్మ కాదు. పెయింట్. ఆ ఇంజినీర్ పిల్ల పూసింది. నేను అబద్ధం చెప్పిన."

అందరూ నవ్వారు.

"ఏనుగు మీ చుట్టమంటే నమ్మినం పెద్దయ్యా, గిది మాత్రం నమ్మం" అన్నాడు ప్రవీణ్.

"తల్లితోని ఎకసెక్కాలు వద్దు బావా. చెంపలేసుకో" అన్నది మల్లవ్వ.

లచ్చయ్య చెంపలేసుకున్నాడు. అక్కడ ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం. చివరిదాకా విన్నారు, ఒక్కరూ నమ్మలేదు.

తెల్లారి నల్లా దగ్గర మల్లవ్వ బకెట్ పట్టుకుని ఉంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"మరదలా, రాత్రి పోచమ్మ కలలకొచ్చింది."

"నీ కలలకా? తల్లికి ఇంకెవ్వలు దొరకలేదా?"

"నేనూ గదే అడిగిన. అందరు కోరికలు చెప్పేటోళ్లే, నువ్వొక్కనివే నా పక్కన ఊకె నిలబడుతున్నవ్ అన్నది."

మల్లవ్వ నవ్వు ఆపుకుంది. "ఇంకేమన్నది?"

"హారన్లకు నిద్ర పడుతలేదన్నది. గల్లీల అమ్మోరి గుడి ఉంది గదా, అక్కడ మా అక్క కాడికి సాగనంపుండ్రి అన్నది. నా మూలంగ ఏ ఆడిదీ రోడ్డుమీదికి దిగొద్దన్నది."

"ఎట్లుండె తల్లి? ఎట్లుండెనో చెప్పు చూద్దాం."

లచ్చయ్య ఏ కథకూ తడుముకునే రకం కాదు. నాలుగు చేతులూ ఒక పులీ పెడదామనే నోరు తెరిచాడు. వచ్చింది వేరే.

"ఆకుపచ్చ చీర. కొంగుకు పసుపు మరక. ఎడమకాలి చెప్పుకు పిన్నీసు. చేతుల... చేతుల టిఫిన్ డబ్బ ఉండె. బస్సు దిగి చానాసేపు నిలబడ్డట్టుండె మరదలా. నాకోసం చూసినట్టుండె. నాకు జరమొచ్చి పోలేదు గదా."

బకెట్ నిండి పొర్లుతోంది. మల్లవ్వ నల్లా కట్టేసింది. ఆ చెప్పుకు పిన్నీసు పెట్టి ఇచ్చింది తనే.

"పోచమ్మనే బావా" అన్నది. "ఆదివారం సాగనంపుదం."

ఆదివారం డప్పు మోగింది. మల్లవ్వ బోనమెత్తింది. ప్రవీణ్ మొక్కుకుని మట్టి తవ్వాడు. మోకులు కట్టి, వెదురు బొంగులకు వేలాడదీసి ఆరుగురు భుజం పెడితే గాని రాయి లేచి గుడి దారి పట్టలేదు.

"మీ నాయన ఒక్క చేత్తో ఎత్తిండంటివి పెద్దయ్యా?" అన్నాడు ప్రవీణ్ రొప్పుతూ.

"అప్పుడు రాయి పిల్లది" అన్నాడు లచ్చయ్య.

వారంలో ఆ పది మీటర్లూ పూర్తయ్యాయి. రుతుజ వచ్చి ఆయన్ను చెయ్యి పట్టుకుని కొత్త రాళ్లమీద నడిపించింది. పదడుగులు నడిచిందో లేదో ఫోను మోగింది. ఇంకో రోడ్డు పని ఉందట. "మళ్ల వస్త ఆజోబా" అని పోయింది.

లచ్చయ్య ఒక్కడే చౌక్ దాకా నడిచాడు. పక్కన సైకిళ్లమీద పిల్లలు గంట కొట్టుకుంటూ పోయారు. మల్లవ్వ సంచి ఊపుకుంటూ ఎదురొచ్చింది, ఒక్కసారి కూడా వెనక్కి చూసుకోకుండా. కొత్త బస్టాపులో స్టీల్ బెంచీ తళతళలాడుతోంది. మనిషికీ మనిషికీ నడుమ ఒక ఇనుప కడ్డీ. పైన ఎర్ర అక్షరాల బోర్డు, బస్సు ఇంకా మూడు నిమిషాల్లో అని. మూడు నిమిషాల్లో ఏనుగును ఎక్కడినుంచి తోలుకురావాలి? పక్కనున్నవాళ్ల చెవుల్లో వైర్లున్నాయి.

ఆరింటి బస్సు తన దారిలో తాను, ఏ అడ్డూ లేకుండా, సరిగ్గా ఆరింటికి వచ్చింది. లచ్చయ్య ఆఖరి మనిషి దిగేదాకా చూశాడు.

"ఆజోబా, చఢ్‌నా హై క్యా?" అని అడిగాడు డ్రైవరు, ఎక్కుతావా అని.

"లేదు. ఒకరు దిగేది ఉండె."

డ్రైవరుకు అర్థం కాలేదు. తలుపు మూసుకుంది.

లచ్చయ్య తిరిగి నడిచాడు. అంత వెడల్పు దారిలోనూ రోడ్డు వైపు అంచునే నడిచాడు, లోపలి వైపు ఒక మనిషికి చోటు విడిచి. రాయి ఉన్న తావు దాటాక మెల్లగా అన్నాడు:

"కండక్టర్ ఆ చేపతోని ఏమన్నడో ఎర్కేనా? టికెట్ వద్దులే తల్లీ, నీకోసం ఎవరన్న ఎదురుచూస్తుంటరు, ఏ స్టాపుల దిగుతవో చెప్పు అన్నడు."

"థూ నీ అబద్ధం" అనేవాళ్లు పక్కన లేరు. ఆ కథ అట్లాగే, నిజంలాగా, చాల్ గేటు దాకా ఆయన వెంట వచ్చింది.