పొడపత్రి నమిలిన పొద్దు

ఉదయగిరిలో చెంచురామయ్య నాలుకకు ఉన్న మర్యాద చెంచురామయ్యకు లేదు. మనిషిగా చూస్తే పదెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు, అయినదానికీ కానిదానికీ లేచే గొంతు, అంతకు మించి ఏమీ లేదు. కానీ తాటాకు దొన్నెలో పోసిన కల్లు ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు తిప్పి మింగాడంటే చాలు. అది పోతుతాడి కల్లో పండుతాడి కల్లో, కొండ కింది చెట్టుదో వాగొడ్డు చెట్టుదో, ముంత కడిగి కట్టారో కడక్కుండా కట్టారో చెప్పేసేవాడు. మద్యనిషేధం ఉన్న ఏళ్ళలో ఈ విద్య ఎక్కడ నేర్చాడని ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళంతా ఆయన పక్కన కూర్చుని తాగినవాళ్ళే.

డెబ్బై ఎనిమిదిలో ఉదయగిరి, ఆత్మకూరు కల్లంగళ్ళు రెండూ వేలంపాటలో రాజమోహన్‌కు దక్కాయి. ఆత్మకూరు మనిషి, తెల్ల చొక్కా, జీపు. కల్లు అమ్ముతాడు గానీ తాగడు, అందుకని రుచి తెలియదు. వచ్చిన మొదటి ఏడే చెంచురామయ్య నాలుకను నమ్ముకుని ఒక పద్ధతి పెట్టాడు. సీజను మొదట్లో చెట్లెక్కే ఒక్కొక్కరికీ ఒక పొద్దు కేటాయిస్తాడు. ఆ పొద్దున తోపులోనే, ముంత దించిన వెంటనే, చెంచురామయ్య రుచి చూసి మాట చెప్పాలి. ఆ మాటను బట్టి ఎవరికి ఏ చెట్లో తేలుతుంది. వాగొడ్డున ముప్ఫై చెట్లున్నాయి, కల్లు చిక్కగా, తియ్యగా వచ్చేవి. అందరి కళ్ళూ వాటిమీదే. రెండేళ్ళుగా అవి శీనయ్యవి.

చెంచురామయ్యకు ఈ మర్యాద బాగా పట్టింది. జీపు తన ఇంటిముందు ఆగితే వీధి మొత్తం తొంగి చూడాలని, చెప్పులు వేసుకోవడానికి పావుగంట తీసుకునేవాడు.

ఎనభైలో మాఘమాసం వచ్చేటప్పటికి ఆయనకు ఇంకో సంగతి కూడా పట్టింది. ఆత్మకూరు డాక్టరు ఒంట్లో షుగర్ ఉందన్నాడు. కల్లు మానమన్నాడు, తీపి మానమన్నాడు. కల్లు మానితే నాలుకకు పనేముంది, నాలుకకు పని లేకపోతే తన ఇంటిముందు జీపెందుకు ఆగుతుంది? ఎవరికీ చెప్పలేదు, పెళ్ళాం పిచ్చమ్మకు కూడా. కొండమీద మూలికలు ఏరే వలి దగ్గరికి పోయి, వేరే ఎవరికో అన్నట్టు మందడిగాడు. వలి నవ్వకుండా పొడపత్రి ఆకులు ఒక పొట్లం కట్టి ఇచ్చాడు.

"పొద్దున్నే పరగడుపున నాలుగాకులు నమలమని చెప్పండి ఆయనకు. నమిలినాక గంటసేపు నోట్లో ఏమీ పెట్టుకోవద్దు. ఎందుకంటే..."

"తెలుసులేవోయ్" అన్నాడు చెంచురామయ్య. నిజానికి ఎందుకో ఆయనకు తెలియదు. పథ్యం కాబోలు అనుకున్నాడు. ఆకులమ్ముకునేవాడి దగ్గర తాను నేర్చుకునేదేముందని కూడా అనుకున్నాడు. ఈ కథలో ఆయన చేసిన మొదటి తప్పు అది, అన్నిటికంటే చిన్నదీ అదే.

మూడు రోజులు నమిలాడు. నాలుగో రోజు శీనయ్య వంతు. జీపు ఎనిమిదికి రావాల్సింది, ఏడుకే వచ్చి హారన్ కొట్టింది. చెంచురామయ్య చేదు ఆకు నములుతూ పెరట్లో ఉన్నాడు. గబగబా ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఆ రోజు పావుగంట తీసుకోకుండానే ఎక్కాడు.

తోపులో పది పదిహేను మంది చేరి ఉన్నారు. శీనయ్య మోకు భుజాన వేసుకుని చెట్టు దిగి, దించిన ముంతను భార్య వెంకమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని, వాగు పక్కనుంచి నడిచి వచ్చి, తోపు మొదట్లో అందరూ ఉన్న పాక ముందు దించింది. శీనయ్య దొన్నెలో పోసి రెండు చేతులతో అందించాడు. ఏ మాట వస్తుందో ముందే తెలిసినట్టు అతని మొహం కళకళలాడుతోంది.

చెంచురామయ్య గుక్క నోట్లో పెట్టుకున్నాడు. తీపి లేదు. చిక్కదనం లేదు. ఎక్కడో ఓ మూల పులుపు, మిగతాదంతా నీళ్ళు. ఇంకో గుక్క తాగి చూశాడు, అంతే. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. దొన్నె నేలకేసి కొట్టాడు.

"ఏందిరా శీనయ్యా ఇది. నిన్నటి పులిసిన కల్లులో వాగునీళ్ళు కలిపి నాకే తాపుతా ఉండావే?"

శీనయ్య వంగి నేలమీది దొన్నె తీసుకున్నాడు. రాజమోహన్ ఇంకేమీ అడగలేదు. ముప్ఫై చెట్లూ, చెట్లెక్కేవాళ్ళలో ఇంకొకడైన కామయ్యకని అక్కడికక్కడే చెప్పేసి జీపెక్కాడు. మిగిలినవాళ్ళలో ఎవరికైనా ఆ కల్లు ఒక గుక్క తాగి చూద్దామని తోచిందా అంటే, లేదు. చెంచురామయ్య చెప్పాక తాగి చూడ్డమంటే ఆయన్ను అనుమానించడమే.

బస్టాండు దగ్గర జీపు దిగి, జైతూన్‌బీ టీ అంగట్లో కూర్చున్నాడు. డాక్టరు మాట వేరు, జైతూన్‌బీ టీ వేరు. ఒక గుక్క తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు.

"చక్కెర మర్చిపోయినావుమే."

"ఏసినాను రెడ్డిగారూ. రెండు స్పూన్లు."

"ఎయ్యలా. నాకు తెలీదా?"

పక్క బల్లమీద సీతారామపురం బస్సు కండక్టరున్నాడు. జైతూన్‌బీ ఆ టీలోంచే కాస్త అతని గ్లాసులో ఒంపింది. అతను తాగి "పానకం మాదిరుండాది" అన్నాడు. ఆమె చక్కెర డబ్బా మూత తీసి చెంచురామయ్య ముందుకు జరిపింది. ఆయన చిటికెడు తీసి నాలుకమీద వేసుకున్నాడు.

ఇసక. పళ్ళకింద కరకరమనే ఇసక. ఇంకో చిటికెడు వేసుకున్నాడు. ఇసకే. వలి చెప్పబోయి తాను చెప్పనివ్వని మాట ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ ఆకు నమిలితే నాలుకకు తీపి తెలియదు. టీలో తెలియనిది కల్లులో మాత్రం ఎట్లా తెలుస్తుంది?

అప్పటికింకా టైము ఎనిమిది. శీనయ్య ముంత తోపులోనే ఉండి ఉంటుంది. లేచి నడిస్తే అరగంట. చెంచురామయ్య లేచాడు, నడిచాడు, ఇంటికి పోయాడు.

రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు వచ్చాక, ఊళ్ళో చెప్పడం బాగుండదు, ఆత్మకూరు పోయి రాజమోహన్ చెవిన వేస్తే ఆయనే సర్దుకుంటాడు అనుకున్నాడు. నిజంగానే బస్సెక్కి ఆత్మకూరు పోయాడు కూడా. రాజమోహన్ వరండాలో నలుగురు పెద్దమనుషులున్నారు. ఈయన్ను చూడగానే రాజమోహన్ లేచి కుర్చీ వేశాడు.

"నేను చెప్పలా, ఈయనే. ఈయన నాలిక లేకుంటే ఈ ఏడు నా అంగడి వాగులో కలిసిపొయ్యేది."

నలుగురూ నవ్వారు. ఒకాయన లేచి నమస్కారం కూడా పెట్టాడు. చెంచురామయ్య నోటిదాకా వచ్చిన మాట గొంతులోకి దిగిపోయింది. కాఫీ తాగాడు. ఎందుకొచ్చారని రాజమోహన్ అడిగితే, పనిమీద ఊరికొచ్చి ఊరికే పలకరించి పోదామనుకున్నానన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనను తాను తిట్టుకున్నాడు. బస్సు దిగేసరికి ఆ తిట్లూ అయిపోయాయి. సిగ్గు మాత్రం అన్నంలో రాయిలాగా ముద్దముద్దకూ తగులుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన బస్టాండు వైపు పోవడం తగ్గించాడు. పోయిన రోజు జైతూన్‌బీ టీ ఇచ్చి, ఎదురుగా నిలబడింది.

"శీనయ్య సీతారామపురం రోడ్డుపనికి కంకర కొట్టను పోతా ఉండాడు, తెలుసునా?"

"ఎవురో అన్నారు."

"వెంకమ్మ పుట్టింటికి పొయ్యింది, అది తెలుసునా?"

అది తెలియదు. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"రెడ్డిగారు చెప్పినాడంటే నీళ్ళు కలిసే ఉంటాయన్నాడంట శీనయ్య. నేనైతే కలపలేదు, చెట్టు కాడినించి ముంత మోసింది నువ్వేగదా అని ఆ యమ్మను పట్టుకున్నాడంట. వాగుకాడ కాలు జారి ముంత ఒలకబోసుకుని, నీళ్ళు పోసి తెచ్చినావు, ఒప్పుకో అని ఒకటే పోరు. ఒప్పుకోలా. మూట కట్టుకుని కొండాపురం పొయ్యింది."

చెంచురామయ్యకు కూర్చున్న బల్ల కదిలినట్టయింది. శీనయ్య తనను తిట్టుకుంటూ ఉంటాడనుకున్నాడు ఇన్నాళ్ళూ. తిట్టుకుంటే కొంత నయంగా ఉండేది. ఇరవై ఏళ్ళు కాపరం చేసిన పెళ్ళాం మాటకంటే తన నాలుకను ఎక్కువ నమ్ముతాడని ఊహించలేదు.

"ఆ పొద్దున నా టీ కూడా తప్పన్నారు మీరు" అంది జైతూన్‌బీ, గొంతు తగ్గించి. "నా టీకి సాక్షం చెప్పను కండక్టరుండాడు. ఆ యమ్మకెవురుండారు?"

ఆమెకు ఆ రోజే అంతా అర్థమైందని ఆయనకు ఇప్పుడు అర్థమైంది. ఆయన చెబుతాడని ఆమె ఇన్ని రోజులు ఎదురుచూసింది కాబోలు. తలెత్తకుండా లేచి, అప్పుడే కదులుతున్న కొండాపురం బస్సు ఎక్కాడు.

వెంకమ్మ పుట్టింటి ముందు చింతపండు ఒలుస్తోంది. పెద్దమనిషి వచ్చాడని లేచి నిలబడి, కొంగు భుజాన కప్పుకుంది. మంచం వాల్చబోతే వద్దన్నాడు. నిలబడే చెప్పాడు. షుగర్ సంగతి, ఆకు సంగతి, టీ సంగతి, చక్కెర సంగతి. ఎప్పుడూ గుడ్లురిమి మాట్లాడేవాడు, ఆమె కాళ్ళ దగ్గరున్న చింతగింజల్ని చూస్తూ మాట్లాడాడు.

"నీ మొగుడి కల్లులో నీళ్ళు లేవమ్మా. నా నాలికే చచ్చిపొయ్యుండింది ఆ గంట."

వెంకమ్మ చేతికంటిన చింతపండు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది అయ్యా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. నిన్ననే అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక కొసదాకా వచ్చింది కూడా.

"ఆ పొద్దున్నే" అన్నాడు. "ఎనిమిదికి."

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పందొమ్మిది రోజులు.

"గంటసేపు నీకు నాలిక లేదు, సరే" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. "ఈ పందొమ్మిది రోజులు ఏం లేకుండా పొయ్యింది నీకు?"

యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, ఊరంతా ముందు కుర్చీ వేసే మనిషికి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది, చూసి కూడా మెత్తబడలేదు. మూట తెచ్చుకుంది.

"నాకొక్కదానికి చెప్తే చాలదు. ఆడ ఎంతమంది ముందర అన్నావో అంతమంది ముందర చెప్పు. పద."

బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. ఆయన వెనక నిలబడ్డాడు. ఖాళీ ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

సాయంత్రం కల్లంగడి నిండుగా ఉంది. రాజమోహన్ కూడా వచ్చి ఉన్నాడు. శీనయ్య పని నుంచి వచ్చి, లోపలికి రాకుండా గడప పక్కన కూర్చుని ఉన్నాడు, చేతుల నిండా కంకర గాట్లు. వెంకమ్మ వెనక నడిచి వచ్చిన చెంచురామయ్యను చూసి అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆయన నడి అంగట్లో నిలబడి, ఎప్పుడు తెలిసిందో తప్ప అంతా చెప్పాడు. జేబులోంచి పొడపత్రి పొట్లం తీసి చూపించాడు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. ఎవరూ నవ్వలేదు.

రాజమోహనే ముందుగా తేరుకున్నాడు. "పోనీండి పెద్దాయనా, ఎవురికైనా జరిగేదే. తెలిసిన ఎంటనే వచ్చి చెప్పినారు, అది మీ గొప్పతనం."

అక్కడితో ఆగిపోవచ్చు. వెంకమ్మ ఆయన వైపు చూడను కూడా లేదు, గడప పక్కనున్న మొగుణ్ణి చూస్తోంది.

"ఎంటనే కాదు అబ్బాయా" అన్నాడు చెంచురామయ్య. "పందొమ్మిది రోజులు తెలిసి ఊరకుండినాను. నీ వరండాలో కాఫీ తాగినప్పుడు కూడా తెలుసు."

రాజమోహన్ మొహం చిన్నబోయింది. శీనయ్యకు పదిహేను చెట్లు రేపట్నించే ఎక్కమని, తక్కిన పదిహేనూ కామయ్యకు ఉంటాయని చెప్పాడు. ఒక్క మాటతో పోయినవి ఒక్క మాటతో సగం వచ్చాయి.

శీనయ్య లేచి పెళ్ళాం దగ్గరికి వచ్చాడు. "అంత పెద్దాయన చెప్పినాడు గదా అని..." అంటూ ఆగిపోయాడు.

"తాళం ఇయ్యి" అంది వెంకమ్మ. అతను మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఆమె మూట చంకన పెట్టుకుని ముందు పోయింది. అతను నాలుగడుగులు వెనగ్గా, పక్కన నడిచే ధైర్యం లేక, పోయాడు.

చెంచురామయ్య కూడా పోదామని కదిలాడు. రాజమోహన్‌కు ఆయన్ను అట్లా పంపబుద్ధి కాలేదో, అలవాటో, ముంతలోంచి దొన్నె నింపి అందించాడు. "ఇదో, కామయ్య కల్లు. ఈ పొద్దు ఆకు నమల్లేదు గదా? ఎట్టుండాదో చెప్పండి."

చెంచురామయ్య ఒక గుక్క తీసుకున్నాడు. నాలుక సరిగ్గానే ఉంది. తీపి తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, ఆ రెంటి నడుమ నీళ్ళు కూడా తెలుస్తున్నాయి, మూడింట ఒక వంతు. ఆయన తలెత్తాడు. మూల బల్ల దగ్గర కామయ్య, చేతిలో దొన్నె కదలకుండా, తన మొహాన్నే చూస్తున్నాడు. అతని వెనక తడికవతల అతని భార్య ఖాళీ ముంతలు కడుగుతోంది. ముంతలు మోసేది ఆమే.

చెంచురామయ్య దొన్నె కింద పెట్టాడు.

"నాకు తెలీదు రాజమోహనా" అన్నాడు. "మీరు తాగి చూసుకోండి."