తొందరపడ్డ వైరస్

తల్లి పోయాక ఆమె మళ్ళీ ప్రయోగశాలలో అడుగుపెట్టింది. అన్నాళ్ళూ మంచాన పడ్డ మనిషికి సేవ చేసిన చేతులు, చుక్కలు కొలిచి వేసే పిపెట్ పట్టుకోగానే తడబడి ద్రావణం బల్ల మీద ఒలకబోశాయి. ఎవరూ చూడలేదనుకుంది గానీ పక్క బల్ల దగ్గరుండే ‘తాతగారు’ చూడనే చూశాడు. ఆయనకు నిండా నలభై ఏళ్ళు లేవు. అడిగినా అడక్కపోయినా సలహాలిస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరది.

ప్రయోగశాల నడిపే పెద్దమేడం ఆమెకు అప్పగించింది ఒక కొత్తరకం ఫ్లూ వైరస్. మామూలు రకం కణాన్ని అంటుకోగానే కణమే దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి తీసుకుపోతుంది. సంచిలో ఆమ్లం బాగా పెరిగాక వైరస్ ఒంటిమీది ముళ్ళు రూపం మార్చుకుని, దాని పొరను సంచి పొరతో కలిపేస్తాయి. అప్పుడు గాని దాని సరుకు, అంటే జన్యుపదార్థం, కణంలోకి దిగదు. కొత్తరకానికి అంత ఆమ్లం అక్కర్లేదు, కాస్త పులుపు తగిలితే చాలు. తొందరగా దూరుతుంది గనక ఏపుగా పెరుగుతుందని మేడం ఆశ.

సీసాల్లో పెంచిన కణాల మీద ఎన్నిసార్లు వేసినా అది పెరగలేదు. పక్క సీసాల్లో మామూలు రకం మాత్రం నిక్షేపంగా పెరిగింది. చెయ్యి అలవాటు తప్పినవాళ్ళు చిన్న పనితో మొదలుపెట్టడం మేలని తాతగారు టీ తాగుతూ అన్నాడు. ఆ మాట ఆమెకు కలుక్కుమంది. తిన్నగా మేడం గదికి వెళ్ళి, తన చేతిలో ఒడుపు పోయిందనీ పని ఇంకెవరికైనా ఇమ్మనీ చెప్పింది.

మేడం కోప్పడలేదు. "చేతి సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ సీసాలు చూపించు" అంది.

సీసాల్లో కణాలు ఇసకేస్తే రాలనట్టున్నాయి. ఎర్రగా ఉండాల్సిన ద్రావణం పసుపురంగుకు తిరిగింది. కిక్కిరిసిన కణాలు వదిలిన ఆమ్లం పని అది. మామూలు రకం ఆ మాత్రం పులుపును లెక్కచెయ్యదని మేడం గొణిగింది. ఆమె ఒక సీసాను వెలుతురుకెత్తి, ఆ పసుపువంక చూస్తూ అంది:

"ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది మేడం, దీని సంబరం. కణం దాకా పోకముందే, బయటి పులుపుకే ముళ్ళు విప్పేసుకుంటోందేమో. ఒకసారి విప్పుకున్నాక మళ్ళీ ముడుచుకోలేదు కదా."

మేడం పకపకా నవ్వి, అదేదో తేల్చుకోమంది.

ఈసారి కణాలు పల్చగా వేసి, ద్రావణం పులవకుండా చూసుకుంది. అవతల రెండు రకాల్నీ కణాలు లేని పుల్లటి ద్రావణంలో కాసేపు ఉంచి, తర్వాత తాజా కణాల మీద వేసింది. మామూలు రకం చెక్కుచెదరలేదు, కొత్తది చతికిలపడింది. పులవని సీసాల్లో మాత్రం అదే కొత్తరకం పెరిగింది. విరగబడి కాకపోయినా పెరిగింది.

తాతగారు వచ్చి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

"ఆ రోజు నోరు జారానమ్మా, మనసులో పెట్టుకోకు."

"పెట్టుకున్నాను లెండి" అంది ఆమె. "అందుకే ఈ ప్రయోగం రెండోసారి చేసినప్పుడు వైరస్ లెక్క మీరే చూడాలి."

సాయంత్రం బస్సు దిగి నడుస్తూ అక్కకు ఫోన్ చేసింది. తొందరపడి చెడిపోయిన వైరస్ కథంతా నవ్వుతూ చెప్పింది. ఇలాంటి కబుర్లు అర్థం కాకపోయినా అమ్మ ఎంత ఇష్టంగా వినేదో అనబోయింది. అంత్యక్రియలప్పుడు రాని ఏడుపు, నడివీధిలో తన్నుకొచ్చింది. అక్క ఊరుకోమనలేదు. ఫోన్ పెట్టెయ్యకుండా, ఆమె ఇల్లు చేరేదాకా వింటూనే ఉంది.